ఏడుగురు వీరమ్మలు

మా అన్నయ్య కూతురు శ్రావ్యకి ఇంటర్న్‌షిప్పు వచ్చింది. ఈ వార్త మా కుటుంబంలో ఎంత పెద్దదంటే, దాన్ని మోసుకొచ్చిన ఫోను వేడెక్కి నా కుడిచెవి రెండు రోజులు టమాటా పండులా ఉంది. ప్రపంచంలో ఇళ్ళూ ఊళ్ళూ వదిలి పారిపోయినవాళ్ళు ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారో లెక్కలు కట్టే పనిట. మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్ళో కంప్యూటర్ పెట్టుకుని, ఎక్కడివో గుడారాల లెక్కల్ని ఒక పట్టికలోంచి ఇంకో పట్టికలోకి జరుపుతుందిట. "నువ్వూ చదువుకునే రోజుల్లో ఇలాంటిదే చేశావటగా అత్తా, నాన్న చెప్పాడు. నిజంగా వాళ్ళని చూశావా?" అని అడిగింది. చూశానే అన్నాను. "ఎంతమందిని?" అంది వెంటనే. లెక్కల పిల్ల కదా, ఊరుకోదు. కుక్కర్ కూత వేస్తోందని ఫోన్ పెట్టేశాను. మా ఇంట్లో కుక్కర్ అటకెక్కి ఏడాది దాటింది. ఒక్క మనిషి అన్నానికి కుక్కర్ ఎందుకు?

మా రోజుల్లో ఆ పనికి ఇంటర్న్‌షిప్పు అనే ముద్దుపేరు ఇంకా పుట్టలేదు. 'ఊరికే పనిచేయడం' అనేవారు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చివర్లో కొన్ని నెలలపాటు ఎక్కడో ఒకచోట లెక్కలు కట్టి, కట్టామని సర్టిఫికెట్టు తెస్తేగానీ డిగ్రీ చేతికిచ్చేవారు కాదు. ఎవరెక్కడికి వెళ్ళాలో చీటీలు తీశారు. అందరికీ బ్యాంకులూ సిమెంటు ఫ్యాక్టరీలూ వచ్చాయి. నాకు నిర్వాసితులు వచ్చారు. పైన కొండల్లో కట్టిన ప్రాజెక్టు కింద ఊళ్ళు మునిగితే, అక్కడివాళ్ళని లారీల్లో తెచ్చి తిరువూరు చుట్టుపక్కల మామిడితోటల పక్కన దించారనీ, వాళ్ళ లెక్క తీయడానికి ఒక సేవాసంస్థ అక్కడ ఆఫీసు తెరిచిందనీ, ఆ ఆఫీసులో చేరమనీ కాగితం ఇచ్చారు. విజయవాడలో తిరువూరు బస్సెక్కేటప్పటికి నా పెట్టెలో నాలుగు జతల బట్టలూ, నా బుర్రలో మూడు శతాబ్దాల సంభావ్యతా సిద్ధాంతమూ ఉన్నాయి. బట్టలే ఎక్కువ పనికొచ్చాయి.

నాకు గది దొరికింది శెట్టిగారి పత్తి గోడౌను మీద. ఆ మెట్లు ఎంత నిలువుగా ఉండేవంటే, ఎక్కేటప్పుడు నా మోకాలే నాకు గడ్డం కింద తగిలేది. శెట్టిగారి భార్య మాణిక్యమ్మగారు గది తాళం చేతిలో పెడుతూ ఒకే ఒక్క షరతు పెట్టింది. "అమ్మాయ్, కింద పత్తి ఉంది. పైన నువ్వు అగ్గిపుల్ల గీశావంటే నువ్వూ ఉండవు, మేమూ ఉండం, తిరువూరూ ఉండదు." అంచేత స్టవ్వు లేదు, అగరొత్తి లేదు, దోమలకి పొగ కూడా లేదు. తిరువూరు దోమలకి ఈ సంగతి ఎవరో ముందే చేరవేశారు. విస్సన్నపేట దోమలు కూడా షేర్ ఆటోలు మాట్లాడుకుని నా గదికే వచ్చేవని ఇప్పటికీ నా అనుమానం. మెస్సు నుంచి క్యారేజీ వచ్చేది. మూత తీస్తే ఎక్కణ్ణించో ఒక పత్తి పింజ గాల్లో ఊగుతూ వచ్చి సరిగ్గా పెరుగన్నం నడిమధ్య దిగేది. దాన్ని తీసి పక్కన పెట్టి తినేదాన్ని. ఆ నెలల్లో నేను మింగినవి కూడా కలిపితే ఒక పరుపు కుట్టించుకోవచ్చు.

రోజూ దీపాలు పెట్టే వేళకి మాణిక్యమ్మగారు మెట్ల మొదట్లో నిలబడి, ముక్కు పైకెత్తి, నా గదివైపు వాసన చూసేది. నిప్పు తగిలిందేమోనని. ఆ ముక్కు ముందు పోలీసు కుక్కలు రాజీనామా ఇచ్చేయాలి. మూతపెట్టిన క్యారేజీలో ఏముందో కిందనుంచే చెప్పేది. "ఏంటి, ఇవాళ కూడా దొండకాయేనా?" అనేది. "అవునండీ" అనేదాన్ని. "రేపు కూడా దొండకాయే చూడు" అని వెళ్ళిపోయేది. పొద్దుణ్ణించీ రాత్రిదాకా నాతో ఎవరైనా నా గురించి మాట్లాడే మాట అదొక్కటే కాబట్టి, దానికోసం మెట్ల దగ్గర కాస్త ముందునుంచే తచ్చాడేదాన్ని. తర్వాత కింద వాళ్ళ వంటింట్లో కంచాలు పెట్టే చప్పుడు మొదలయ్యేది. శెట్టిగారూ, కొడుకులూ, కోడళ్ళూ, మనవలూ, చివరికి మాణిక్యమ్మగారు. ఇంగువ తాలింపు వాసన మెట్లెక్కి వచ్చేది. చప్పుడుని బట్టి లెక్కపెట్టేదాన్ని: పదకొండు కంచాలు. పండక్కి పద్నాలుగు. మీద గదిలో క్యారేజీ గిన్నె చప్పుడు ఒకటి. చదివిన చదువు అలా వృథా కాకుండా చూసుకున్నాను.

ఆఫీసులో మా పెద్దాయన ప్రసాదరావుగారు. ఆయన పెన్సిలు చెక్కడం ఒక యజ్ఞం. బ్లేడుతో, కాగితం పరిచి, తొందరపడకుండా చెక్కేవారు. ఆయన చెక్కడం పూర్తయ్యేలోపు నిర్వాసితులు ఇంకో ఊరికి మారిపోతారేమోనని మాకు భయంగా ఉండేది. దశాంశ బిందువు తర్వాత అంకెలంటే ఆయనకి నమ్మకం లేదు. "మనిషిని ముక్కలు చేసి లెక్కపెట్టకండి" అనేవారు. చేరిన రోజునే నన్ను కూర్చోబెట్టి నిర్వచనాలు చెప్పారు. దేశం దాటితే కాందిశీకుడు. దేశంలోనే ఊరు దాటించి దింపితే నిర్వాసితుడు. "మరి నేనండీ?" అన్నాను. "నువ్వు అద్దెకున్నదానివి" అన్నారు పెన్సిలు మీంచి చూపు తిప్పకుండా. ఆ తర్వాత అన్నిటికంటే ముఖ్యమైనది చెప్పారు. కుటుంబం అంటే ఏమిటి? రక్తం కాదు, ఇంటిపేరు కాదు, కప్పు కాదు. పొయ్యి. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళందరూ ఒక కుటుంబం. ఎన్ని పొయ్యిలో అన్ని కుటుంబాలు. మా ఫారంలో మొదటి ప్రశ్న అదే: గత ఏడు రోజుల్లో మీ పొయ్యి మీద వండింది తిన్నవాళ్ళు ఎవరెవరు? జాబితా పూర్తయ్యాక రెవెన్యూ ఆఫీసుకి వెళ్తుంది. దాన్ని చూసి కుటుంబానికొక ఇంటి స్థలం పట్టా ఇస్తారు.

నాకు అప్పజెప్పిన కాలనీ విస్సన్నపేట రోడ్డులో, బస్సు దిగి తోటల మధ్యగా నడిచి వెళ్ళాల్సిన చోట ఉండేది. రెండు వరసల రేకుల ఇళ్ళు, చివర్న తాటాకు పాక ఒకటి. పగలు అందరూ మిరప కోతలకో పత్తి తీతకో పోయేవారు. ఒక్కో ఇంట్లో ఎవరో ఒకరు దొరికేవారు. నేను అడిగేదాన్ని, వాళ్ళు చెప్పేవారు, రాసుకునేదాన్ని. వారం తిరిగేసరికి ఒక మహత్తరమైన సంగతి బయటపడింది. ఆ కాలనీలో వీరమ్మ అనే పేరుగల వితంతువులు ఏడుగురున్నారు. వయసులు యాభై ఐదు నుంచి ఎనభై దాకా. ఏడుగురూ ఏడు వేరువేరు ఇళ్ళలో ఉన్నారు. నా రక్తం ఉప్పొంగింది. ఒక రాత్రంతా కూర్చుని కై-స్క్వేర్ పరీక్ష చేసి, ఇది యాదృచ్ఛికం కాదని తేల్చి, 'నిర్వాసిత జీవనంలో వీరమ్మల ప్రాబల్యం: ఒక పరిశీలన' అని నాలుగు పేజీల నోట్ రాశాను. మునిగిపోయిన ఊళ్ళో వీరమ్మ అనే గ్రామదేవత ఉండి ఉంటుందనీ, ఊరు మారిన దుఃఖం ఆడవాళ్ళ కంటే మగవాళ్ళ ప్రాణాలే ముందు తీస్తుందనీ అందులో సిద్ధాంతం చేశాను. ఏ విశ్వవిద్యాలయం నన్ను ముందు పిలుస్తుందా అని ఆలోచిస్తూ పడుకున్నాను.

ప్రసాదరావుగారు నోట్ మొత్తం చదివారు. రెండుసార్లు చదివారు. తర్వాత ఫారాలు తెప్పించుకుని ఒక గడి మీద పెన్సిలు పెట్టారు. "అమ్మాయ్, ఈ ఏడుగురు వీరమ్మలకీ ఎడమచెవి వినపడదా?"

"అవునండీ. అది కూడా చాలా విశేషం."

"విశేషమే. ఏడుగురూ కలిసి ఎక్కడైనా కనపడ్డారా నీకు?"

లేదన్నాను. "ఇవాళ సాయంత్రం వెళ్ళి చూసిరా" అన్నారు. ఆయన నవ్వలేదు. ఆ దయ ఈ జన్మకి మరిచిపోను.

ఆ సాయంత్రం వెళ్ళి చూస్తే వీరమ్మ ఒక్కతే. గురువారం కాబట్టి నాలుగో ఇంటి అరుగు మీద కూర్చుని అన్నం తింటోంది. సన్నగా, చింతబరికెలా ఉంది. ఉండేది చివర్న ఉన్న ఆ తాటాకు పాకలో. పగలు మామిడితోటకి కాపలా కాస్తుంది కాబట్టి నాకెప్పుడూ కనపడలేదు. సంగతి ఇది. ఊరు ఖాళీ చేయించే ముందే భర్త పోయాడు. వెంట తెచ్చుకున్న మట్టిపొయ్యి లారీలోనే పగిలిపోయింది. దిగిన రోజున అందరూ రాళ్ళు పెట్టుకుని పొయ్యిలు వెలిగిస్తే ఈవిడ వెలిగించలేదు. పక్కింటి నాగమణి వచ్చి, "పిన్నీ, ఇవాళ మా ఇంట్లో తిను" అంది. ఆ రోజు సోమవారం. మంగళవారం ఇంకొకరు పిలిచారు. అలా ఏడు ఇళ్ళు, ఏడు వారాలు, వంతు ఎవరూ నిర్ణయించలేదు, ఎవరూ తప్పలేదు. నా ప్రశ్నకి ఏడు ఇళ్ళవాళ్ళూ నిజమే చెప్పారు. గత ఏడు రోజుల్లో ఆవిడ వాళ్ళ పొయ్యి మీద వండింది తిన్నది. వయసు మాత్రం ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు.

మర్నాడు ప్రసాదరావుగారు ఎర్రపెన్సిలు తీసి సోమవారం ఇంట్లోంచి వీరమ్మని కొట్టేశారు. మిగిలిన ఆరు రోజులూ ఆవిడ అక్కడ తినడం లేదు కాబట్టి. అదే లెక్కన మంగళవారం ఇంట్లోంచి కొట్టేశారు. ఆదివారం దాకా కొట్టేసరికి నా ఏడుగురు వీరమ్మలూ పోయారు. పాకలో పొయ్యి లేదు కాబట్టి పాక కుటుంబం కాదు. ఏడు కాస్తా సున్నా అయింది. ఏడుకీ సున్నాకీ మధ్య ఒకటి అనే అంకె ఒకటుందని మా ఫారానికి తెలియదు.

"మరి పట్టా ఎలాగండీ?" అన్నాను.

ఆయన చాలాసేపు పెన్సిలు చెక్కారు. "రెండో విడత లెక్క ఇంకో పదిరోజుల్లో ఉంది. ఈలోపు ఓ వారం రోజులు సొంతంగా వండుకోమను. ఆ వారం రోజులూ ఎవరూ పిలవొద్దని చెప్పు. అప్పుడు ఆవిడొక కుటుంబం. వారం చాలు."

నేను ఎగురుకుంటూ వెళ్ళాను. లోకంలో ఇంత సులువైన పరిష్కారం ఇంకోటి ఉండదనుకున్నాను. కుడిచెవి దగ్గర కూర్చుని వీరమ్మకి అంతా విప్పి చెప్పాను. విని, "నాకెందుకే పట్టా?" అంది. ఇల్లు కట్టుకోవచ్చు, ఎవరూ కదిలించలేరు, ఈ పాక తోటవాళ్ళ స్థలంలో ఉంది, రేపు పొమ్మంటే ఎక్కడికి పోతావు అన్నాను. అది మాత్రం చెవికెక్కింది. ఒకసారి లారీ ఎక్కిన మనిషి. అయినా, "ఒక్కదానికి వండటం నాకు చేతకాదు" అంది.

"వారం రోజులే కదమ్మా."

"ఏడు రోజులైనా ఒక రోజైనా అంతే. ఒక్కదానికి ఎన్ని గింజలు పోయాలో చెయ్యికి తెలవదు." తర్వాత నన్ను కిందనుంచి మీదదాకా చూసింది. "లెక్కల పిల్లా, నువ్వు ఎక్కడ తింటన్నావు?"

మెస్సు క్యారేజీ అన్నాను. "ఎవరితో?" అంది. దానికి నా దగ్గర గడి లేదు.

"అయితే సాయంత్రాలు రా. ఇద్దరికైతే వండుతా."

అలా వెళ్ళాను. ఏడు రోజులూ సాయంత్రం బస్సులో వెళ్ళి తిరిగి చివరి బస్సులో వచ్చేదాన్ని. మెస్సుకి క్యారేజీ వద్దని చెప్పాను. మూడు రాళ్ళు వెతికి, మట్టి మెత్తి, నా చేతుల్తో నేనే సాయం పట్టి పొయ్యి వేయించాను. పత్తికట్టె మంట ఎలా ఉంటుందంటే, గుప్పున లేచి, మన మొహం చూసి, చల్లారిపోతుంది. దాని ముందు కూర్చుని ఎగదోస్తూనే ఉండాలి. ఆ ఎగదోసే పని నాది. లావుబియ్యం అన్నం, మామిడికాయ పప్పు, ఒక రోజు ఎండుచేపల పులుసు. ఆ పులుసు వాసన తిరువూరుదాకా నా వెంట వచ్చి గోడౌను మెట్లెక్కింది. మాణిక్యమ్మగారు మొదటిసారి కూర పేరు చెప్పలేక మెట్ల మొదట్లోనే నిలబడిపోయింది. వాళ్ళ ఏడు తరాల ముక్కులు ఎరగని వాసన అది. వీరమ్మ తింటూ మాట్లాడేది. మునిగిన ఊరి గురించి కాదు, ఎదురుగా ఉన్న నా గురించి. "ఏందే ముద్ద అట్టా పెడతన్నావు, బల్లి దోమని పట్టినట్టు?" అనేది. "పిల్లికి పెట్టావా, నువ్వు తిన్నావా?" అనేది. నేను తల ఆవిడ కుడిచెవి వైపుకి వంచి గట్టిగా జవాబు చెప్పేదాన్ని. ఇల్లు వదిలి వచ్చాక నేను గట్టిగా మాట్లాడింది అక్కడే.

ఏడో రోజు సాయంత్రం అన్నం తిన్నాక, చెయ్యి కడుక్కుని, సంచిలోంచి ఫారం తీశాను. ఇద్దరం నవ్వుకున్నాం. పెద్ద అధికారిలా గొంతు సవరించుకుని అడిగాను: గత ఏడు రోజుల్లో మీ పొయ్యి మీద వండింది తిన్నవాళ్ళు ఎవరెవరు?

"ఒకటి, నేను" అంది. వేలు మడిచింది. "రెండు, నువ్వు."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "రాయి. నీ పేరు రాయి. తిన్నావుగా?"

తిన్నాను. మా నిర్వచనం ప్రకారం అక్షరాలా నిజం. ప్రసాదరావుగారి పొయ్యి సూత్రం ప్రకారం ఆ వారం రోజులూ ఈ భూమ్మీద నాకున్న కుటుంబం ఆ పాకే. కానీ లెక్క తీసే మనిషి లెక్కలో దూరితే ఫారం చెల్లదు. ఫారం చెల్లకపోతే పట్టా రాదు. ఈ కారణం నిజమే. దాని వెనకాల ఇంకొకటి కూడా ఉంది, అదీ చెప్పుకోవాలి: నిర్వాసితుల జాబితాలో నా పేరు ఉండటం నాకిష్టం లేదు. నేను చదువుకున్నదాన్ని, డిగ్రీ తీసుకుని వెళ్ళిపోయేదాన్ని. కుటుంబ సభ్యులు: ఒకరు, అని రాశాను. రెండో వరసలో అడ్డంగా ఒక గీత గీశాను. ఆవిడకి చదువు రాదు.

"రాశావా?"

"రాశానమ్మా."

జాబితా వెళ్ళింది. వీరమ్మ, కుటుంబం ఒకటి. ప్రసాదరావుగారు ఆ గడి పక్కన చిన్న టిక్కు పెట్టి నా భుజం తట్టారు. సర్టిఫికెట్టు టైపు చేయించడంలోనూ, నోట్‌లో వీరమ్మల ప్రాబల్యాన్ని రహస్యంగా చింపేయడంలోనూ నాకు మరో వారం పట్టింది. మళ్ళీ క్యారేజీ తెప్పించుకున్నాను. వీరమ్మ తన వంతులకి తను వెళ్ళిపోయి ఉంటుందనుకున్నాను. ఊరు వదిలే ముందు చెప్పిపోదామని ఒక సోమవారం సాయంత్రం కాలనీకి వెళ్ళాను. వంతు ప్రకారం నాగమణి ఇంటికే వెళ్ళాను. అక్కడ నాగమణి, మొగుడూ, పిల్లలూ తింటున్నారు. వీరమ్మ లేదు.

"పిన్ని ఏదీ?" అన్నాను.

"ఇంట్లో ఉంది" అంది నాగమణి.

"ఇవాళ మీ వంతు కదా?"

నాగమణి మొహం చిన్నబుచ్చుకుంది. "పొయ్యి వెలిగిన ఇంటికెళ్ళి అన్నానికి రమ్మని ఎట్టా పిలుస్తామండీ? మాలో అది చాలా తప్పు. నువ్వు వండుకున్నది నీకు చాలటం లేదా అని అడిగినట్టు అవుద్ది. పొయ్యి లేనన్నాళ్ళు పిలిచాం, అందులో తప్పు లేదు."

"మరి ఆర్పేస్తే?"

"వెలిగించిన పొయ్యి ఎవరారుపుతారండీ? అది ఇంకా తప్పు."

మూడు శతాబ్దాల సంభావ్యతా సిద్ధాంతంలో ఈ సంగతి ఎవరూ రాయలేదు. నేను ఆ ఇళ్ళలో నలభై ప్రశ్నలు అడిగాను. గోడ ఏమిటి, కప్పు ఏమిటి, మంచినీళ్ళు ఎంత దూరం, చెవి వినపడుతుందా. ఎవరు ఎవర్ని ఎందుకు పిలుస్తారని అడగలేదు. ఇప్పుడు శ్రావ్య కంప్యూటర్లో జరిపే పట్టికలు నా ఫారాలకంటే ఎన్నో రెట్లు తెలివైనవే. ఏడుగురు వీరమ్మల్ని ఆ పిల్ల రెప్పపాటులో పట్టేసి ఒకటి చేసేస్తుంది. ఆ ఒకటి ఎలా అయిందో అప్పుడు నేను తెలుసుకోలేదు, ఇప్పుడు దానికి తెలియాల్సిన పని లేదు. మా అపార్ట్‌మెంట్లో ఇరవై నాలుగు వంటిళ్ళున్నాయి. ప్రతి వంటింట్లోనూ పొయ్యి నొక్కగానే వెలుగుతుంది, కాబట్టి ఎవరూ ఎవర్నీ పిలవరు. ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. నాగమణి చెప్పిందాంట్లో ఎంత మర్యాద ఉందో తెలుసుకోవడానికి నాకు సొంత వంటిల్లు అమరేదాకా పట్టింది.

ఆ సోమవారం నేను పాకలోకి వెళ్ళేసరికి వీరమ్మ పొయ్యి ముందు ఒక్కతే తింటోంది. గిన్నెలో ఇద్దరికి సరిపడా అన్నం ఉంది. చెయ్యి ఇంకా అలవాటు పడలేదు. రేపు వెళ్ళిపోతున్నానని చెప్పాను. తప్పు చేశానమ్మా, నీకు చెడు చేశాను అని కూడా చెబుదామనుకున్నాను. తల ఆవిడ కుడిచెవి వైపుకి వంచాను. ఈలోపే ఆవిడ కంచం ఇంకోటి ముందుకి తోసింది.

"ఏందే మొహం అట్టా పెట్టావు? నాకేం దిగులే?" అంది. "కాయితంలో ఇద్దరం ఉన్నాంగా."

ఉన్నామమ్మా అన్నాను. అన్నం కలుపుకున్నాను.